వినిపించకుండా పోయిన రెండు మాటలు

ఆ రోజుల్లో నా ఈడు కుర్రాళ్లందరూ సినిమా హీరోలను చూసి జుట్టు దువ్వుకుంటే, నేను మాత్రం టీవీలో వార్తలు చదివేవాళ్లను చూసి దువ్వుకునేవాణ్ణి. హైదరాబాద్ నుంచి వచ్చే సాయంత్రం వార్తలంటే నాకు అంత పిచ్చి. ప్రపంచంలో ఏం జరిగిందన్నది నాకు అనవసరం. ఆ చదివే ఆయన కాగితం తిప్పే తీరు, గొప్ప మాటకు ముందు ఒక్క క్షణం ఆగి, కళ్లెత్తి మనవైపు చూసే తీరు, ‘సంబంధిత వర్గాలు’ అన్నప్పుడు ఆయన గొంతులో పలికే గాంభీర్యం, అవీ నాకు కావలసినవి. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో డబ్బాలకు లేబుళ్లు అంటించే పని నాది. మిషన్ల రొదలో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో రోజంతా పెద్దగా వార్తలు చదువుకుంటూ అంటించేవాణ్ణి. ఇంట్లో అయితే అన్నం పెట్టమనడానికి కూడా ‘భోజన సదుపాయం కల్పించవలసిందిగా’ అనేవాణ్ణి. మా అమ్మ గరిటె పట్టుకుని నిలబడి, “ఈనికి ఏమైందే?” అని మా అక్కను అడిగేది. స్నేహితులు నా పేరు ఎప్పుడో మరిచిపోయారు. ‘ఓ వార్తలూ’ అని పిలిస్తేనే నేను పలికేవాణ్ణి.

అప్పటికి మా పట్టణంలో కేబుల్ వచ్చి నాలుగైదేళ్లయింది. రోడ్డు పక్క పొలం అమ్మి, ఆ డబ్బుతో మిద్దె మీద పెద్ద గొడుగు బోర్లించిన ఆసామిని అందరూ ‘డిష్ పటేల్’ అనేవారు. సినిమాలు చూపించీ చూపించీ విసుగొచ్చి, ఆయన రోజూ ఏడు గంటలకు పావుగంట లోకల్ వార్తలు మొదలుపెట్టాడు. ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో, కశ్మీర్ సరస్సు బొమ్మ ఉన్న పరదా ముందు బల్ల వేసి, పెళ్లిళ్లు తీసే కెమెరాకే వైరు తగిలించి నేరుగా ఇళ్లల్లోకి వదిలేవారు. రోజూ చదివేది ఒక బడిపంతులు. ఆయన జలుబు చేస్తే జలుబుతోనే చదివేవాడు తప్ప కుర్చీ వదిలేవాడు కాదు. ఏడాది పాటు నేను ఆ స్టూడియో చుట్టూ తిరిగి, పటేల్ కనపడినప్పుడల్లా “పటేలా, ఒక్కసారి” అని దండం పెట్టాను. చివరకు ఒక శుక్రవారం పంతులుగారు మరదలి పెళ్లికి వెళ్లడం, పటేల్ మనిషిని పంపడం రెండూ జరిగాయి. (ఆ మరదలు ఎక్కడున్నా చల్లగా ఉండాలని ఆ సాయంత్రం ఏడుగంటల వరకూ దీవించాను. ఆ తరువాత దీవించలేదు.)

స్టూడియో నడిపే అన్న నాకొక కోటు తొడిగాడు. అది పెళ్లికొడుకులు ఫోటోకు వేసుకునే కోటు. నడుము పైన నేను హైదరాబాద్ మనిషిని, బల్ల కింద మాత్రం లేబుళ్ల జిగురు అంటిన ప్యాంటుతో ఉన్నాను. కాగితాలు సర్దుకుంటుండగా దూరంగా ఒక ఫ్యాక్టరీ సైరన్ మొదలైంది. సైరన్ మాకు కొత్త కాదు, షిఫ్టు మారినప్పుడల్లా కూస్తుంది. కానీ ఇది ఆగలేదు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది, కూస్తూనే ఉంది. పైగా ఆ సాయంత్రం గాలిలో వాసన కూడా ఉంది. (మా దగ్గర వాసన లేని రోజు ఉండేది కాదు. అయినా సైరన్‌తో కలిపి పీలిస్తే అదే వాసన వేరేగా ఉంటుంది.) స్టూడియో ముందు జనం గుంపులుగా నిలబడి ముక్కులు ఎగబీల్చుకుంటున్నారు. ఆ సైరన్ కూస్తున్న ఫ్యాక్టరీలోనే మా నాన్న బీ షిఫ్టు డ్యూటీలో ఉన్నాడన్న సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది.

పటేల్ పక్క దుకాణంలోని ఫోన్ దగ్గరికి పరుగెత్తి, ఫ్యాక్టరీ గేటుకు చేసి, కనుక్కొని ఆయాసపడుతూ వచ్చాడు. “ఏం లేదురా, మీట ఇరుక్కపోయిందట. మీ నాయన మంచిగున్నడు. జనం పరేషాన్ అయితున్నరు, ముందు గిదే చదువు” అని ఒక చీటీ చేతిలో పెట్టాడు. అందులో ఇలా ఉంది: ‘సైరన్ ఖరాబైంది. గ్యాస్ లీక్ కాలే. ఎవ్వలు భయపడొద్దు. ఎక్కడికి ఉరుకొద్దు.’ నాలుగు ముక్కలు. ఉన్నదున్నట్టు చదివి ఉంటే ఈ కథే లేదు. కానీ ఏడాదిపాటు ఎదురుచూసిన మనిషి మొదటి వార్తగా ‘ఖరాబైంది’ అని చదువుతాడా? నా చదువు, నా సాధన, నా కోటు ఏమైపోవాలి? కెమెరా మీద ఎర్రదీపం వెలిగే లోపల ఆ నాలుగు ముక్కలనూ నా మనసులోనే వార్తల భాషలోకి మార్చేశాను.

“నమస్కారం. పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారం నుంచి ప్రాణాంతకమైన విషవాయువు వెలువడి, పట్టణ ప్రజలు తక్షణమే తమ తమ నివాసాలను విడిచి, సురక్షిత ప్రాంతాలకు తరలి వెళ్లవలసిన పరిస్థితి...”

ఇక్కడ ఆగాను. గొప్ప మాటకు ముందు ఆగాలి కదా. కళ్లెత్తి కెమెరాలోకి చూశాను. అంత గంభీరంగా నేను జీవితంలో ఎవరినీ చూడలేదు. అప్పుడే కరెంటు పోయింది.

చీకట్లో “ఎంతమాత్రం లేదని సంబంధిత వర్గాలు తెలియజేశాయి” అని పూర్తిచేశాను. విన్నది మేం ముగ్గురమే. అగ్గిపుల్ల గీసి పటేల్ నా ముఖం ముందు పెట్టాడు.

“మొత్తం చదివినవా?”

“రెండు మాటలు మిగిలినయ్ పటేలా.”

“ఏ రెండు?”

“ఎంతమాత్రం లేదు.”

అగ్గిపుల్ల ఆయన వేలు కాల్చేదాకా పటేల్ కదల్లేదు. కరెంటు పోవడంతో సైరన్ కూడా గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వీధిలోంచి ఒక ఆడమనిషి గొంతు స్పష్టంగా వినిపించింది. “అయ్యో, ఊదెటోడు గూడ పడిపోయిండు!”

మేం బయటికి వచ్చేసరికి వీధి వీధంతా కదులుతోంది. తడిగుడ్డలు ముక్కులకు కట్టుకుని కొందరు, పిల్లలను భుజాలకెత్తుకుని కొందరు, ఒక స్కూటర్ మీద ఐదుగురు, తలుపులు బార్లా తెరిచి వదిలేసిన ఇళ్లు. ఒక ముసలాయన పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. లేపబోతే నా చేయి విదిలించుకుని కుంటుతూనే పరుగెత్తాడు. “ఆగుర్రి, ఏం కాలే!” అని నేను అరిస్తే ఒకతను “నీకేమెరుక? టీవీలనే చెప్పిండు!” అని కసిరాడు. “ఆ చెప్పింది నేనే అన్నా!” అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి, కోటు నుంచి జిగురు మరకల దాకా చూసి, “తాగినవా?” అని అడిగి వెళ్లిపోయాడు.

పటేల్ సినిమా టాకీసు ముందున్న ప్రచారం ఆటోను పట్టుకొచ్చాడు. మైకు బ్యాటరీతో పనిచేస్తుంది. నన్ను అందులోకి తోసి, “చెప్పు, జల్దీ” అన్నాడు. చేతిలో మైకు పడగానే, నా తెలివి ఏమని చెప్పను, మళ్లీ గొంతు మారిపోయింది. “ప్రజలారా! దయచేసి సంయమనం పాటించండి! సంయమనం పాటించండి!” ముందు పోతున్న వాళ్లలో ఒకామె “ఏమంటుండు?” అని అడిగింది. పక్కనున్నతను “సమయం లేదంటుండు, ఉరుకుర్రి!” అన్నాడు. నడుస్తున్నవాళ్లు కూడా పరుగందుకున్నారు. పటేల్ తల పట్టుకున్నాడు.

ఆటో ఇంద్రేశం రోడ్డు మలుపు తిరిగింది. మా కిరాయి ఇల్లు అటువైపే. అక్క కాన్పుకు వచ్చి ఉంది, పసిగుడ్డుకు పద్నాలుగు రోజులు. ఆ పసిదాన్ని ఎత్తుకుని వీళ్లెక్కడ పడుతూ లేస్తూ పోతున్నారోనని ఆటోలోంచి తల బయటపెట్టి ప్రతి ముఖమూ వెతుకుతున్నాను. జనమంతా ఊరి బయటికి పోతుంటే, వాళ్లకు ఎదురుగా, తలకు కొంగు బిగించి, ఒక్క మనిషి మాత్రం ఫ్యాక్టరీల వైపు గబగబా నడిచి వస్తోంది. ఆటో లైటు ముఖం మీద పడ్డాక తెలిసింది, మా అమ్మ. నేను ఇంకా ఆగని ఆటోలోంచే దూకాను.

“ఎక్కడికే అమ్మా? అక్కేది?”

“అక్కను, పిల్లను పక్కింటోళ్ల ట్రాక్టర్ల ఎక్కిచ్చిన. ఇంద్రేశం మామ ఇంటికి పోతరు. నువ్వు గూడ పో. నేను మీ నాయన కాడికి పోతున్న.”

“ఆడ విషవాయువని ఇన్నవు గదా, ఎట్ల పోతున్నవే?”

“అందుకే పోతున్న” అంది అమ్మ. “ఆయన ఒక్కడే ఉన్నడు గదరా.”

అప్పటిదాకా నేను చేసిన పనిలో నవ్వుకోవడానికి ఏదో ఉందని లోపలెక్కడో అనుకుంటూ ఉన్నానేమో, అది కాస్తా పోయింది. “అమ్మా, గ్యాస్ లేదు, ఏం లేదే. సైరన్ ఖరాబైంది, గంతే. నాయన మంచిగున్నడు, పటేల్ ఫోన్ చేసి కనుక్కున్నడు. నేను చదువుతుంటె నడుమ కరెంటు పోయింది” అని ఒక్క గుక్కలో చెప్పాను. అమ్మ రోడ్డు మీదే కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది. తరువాత లేచి నా వీపు మీద ఒక్కటి చరిచింది.

“మరి గట్లనే చెప్పకపోతివి? నాకు చెప్పినట్టు అందరికి చెప్పరాదు?”

మైకు తీసుకున్నాను. ఈసారి గొంతు దానంతట అదే వచ్చింది, ఇంట్లో గొంతు. “అన్నా, అక్కా, పెద్దమ్మా, జెర ఆగి ఇనుర్రి. గ్యాస్ గిట్ల ఏం లీక్ కాలే. సైరన్ ఖరాబైంది. టీవీల చదివింది నేనే, కరెంటు పోయి సగం మాటనే మీకు ఇనబడ్డది. తప్పు నాదే. మా నాయన గా ఫ్యాక్టరీలనే డ్యూటీల ఉన్నడు. మా అమ్మ గిదో, నా పక్కనే ఉన్నది. ఇండ్లకు పోర్రి.” జనం నెమ్మదించారు. ఒక పెద్దాయన ఆటో దగ్గరికి వచ్చి “ఎవ్వల కొడుకువురా నువ్వు?” అని అడిగాడు. నాకంటే ముందే అమ్మ “నా కొడుకే, ఏం జేయాలె” అంది. ఆయన ముక్కుకు కట్టుకున్న తువ్వాలు విప్పి, భుజాన వేసుకుని, వెనక్కి తిరిగాడు. ఆయన వెనకే ఒకరొకరుగా అందరూ తిరిగారు. తిరిగి వెళుతూ ప్రతి ఒక్కరూ నన్ను ఏదో ఒకటి తిట్టే వెళ్లారు. అంత హాయిగా తిట్లు తినడం నాకు అదే మొదలు.

ట్రాక్టర్‌ను ఊరి పొలిమేరలో అందుకున్నాం. పసిది తడిగుడ్డ కింద ఆదమరచి నిద్రపోతోంది. అక్క మాత్రం ఇంటికి చేరేదాకా దాన్ని నా చేతికివ్వలేదు. షిఫ్టు దిగి వచ్చిన నాన్న చెప్పులు విప్పుతూ, “ఇయ్యాల టీవీల చదివినవట గదా, మంచిగైందా?” అని ఎంతో మురిపెంగా అడిగాడు. అమ్మ ఆయన ముందు కంచం పెట్టి “ముందు తిను” అంది.

మర్నాడు ఠాణాలో నాకూ పటేల్‌కూ అక్షింతలు పడ్డాయి. ముసలాయన మోకాలికి కట్టు కట్టించి, ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. ఇక పటేల్ నా ముఖం చూడడనుకున్నాను. కానీ వారం తిరక్కుండానే ఆయన మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. “జనం నిన్నే అడుగుతున్నరు పిలగా. పంతులు చదివేది సగం సమజయితలేదట. నువ్వు రా. గాని గా దినం మైకుల చెప్పినవు చూడు, గట్ల చెప్పాలె” అన్నాడు.

నాకు అవమానంగా తోచింది. వార్తలంటే వార్తల భాషలోనే ఉండాలని, అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడితే దాన్ని వార్తలనరని, కళ్లెత్తి, కొంచెం ఆగి మరీ జవాబిచ్చాను. పటేల్ టీ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ నన్ను పిలవలేదు. హైదరాబాద్‌కు పెట్టుకున్న దరఖాస్తులకు జవాబులూ రాలేదు. ఏళ్లు గడిచాయి. నేను ఫ్యాక్టరీలో లేబుళ్ల నుంచి స్టోరుకు మారి, ఆ తరువాత పని మానేసి ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు సాయంత్రం టీవీ పెడితే ఒక అమ్మాయి ‘గిట్లయింది, గట్లయింది’ అంటూ ఊరి ముచ్చట్లన్నీ చెబుతుంది. ఊరూరా ఆమెకు అభిమానులు. “ఏంది, నీకు నువ్వే నవ్వుకుంటున్నవ్?” అని మా ఆవిడ అడుగుతుంది. ఏం లేదంటాను. తోవలో ఎక్కడైనా ఆ పెళ్లికోటు తొడుక్కున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు ఎదురైతే బాగుండునని మాత్రం ఉంటుంది. వాడి భుజం మీద చేయి వేసి, “మంచిగనే చదివినవ్ తమ్మీ, మాట జెర చిన్నగ చేసుకుంటె అయిపోతుండె” అని చెప్పాలని. వాడు వినడు లెండి. కళ్లెత్తి, కొంచెం ఆగి, నాకే ఏదో జవాబు చెబుతాడు.