లింకులో అంకె మారిస్తే చాలు

సాల్ట్ లేక్‌లో మా ఆఫీసు. మున్సిపాలిటీలో పనిచేసి రిటైరైనవాళ్లు పెన్షన్ కోసం ఆధార్ కార్డు అప్‌లోడ్ చేసే వెబ్‌సైటు మేమే నడుపుతున్నాం. ఆ ఫైళ్లతో సర్వర్ నిండిపోవడంతో ఈ రోజు దాన్ని క్లౌడ్ స్టోరేజీకి కలిపాం. కలిపిన మహానుభావుడు మా టీమ్ లీడ్ అప్పారావు. అనుమతి లేదని రెండుసార్లు ఎర్రర్ వచ్చేసరికి, విసుగొచ్చి ఫోల్డర్ మొత్తాన్ని పబ్లిక్ చేసి టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఫైళ్ల పేర్లేమో ఒకటి, రెండు, మూడు. లింకులో అంకె మారిస్తే ఇంకొకరి ఆధార్ తెరుచుకుంటుంది.

కిందికెళ్లి చెప్పాను. అప్పారావుది మూడు తరాలుగా ఈ బెంగాలీ ఊళ్లోనే ఉన్న సిక్కోలు కుటుంబం. మట్టి కప్పులోంచి ఒక గుక్క తాగి, "ఆళ్ల కార్డులు సూసి ఎవులేటి సేసుకుంటారు? రేపు సూద్దాంలే" అన్నాడు.

నేను వాదించలేదు. నా ఫోన్లో అంకెలు మారుస్తూ ఒక్కో కార్డూ చూపించాను. పదిహేడో కార్డు దగ్గర ఆయన మొహం మారింది. అది వాళ్ల నాన్నది.

"దీన్ని ముందు తీసెయ్."

"మిగతావి, దాదా?"

"రేపు సూద్దామన్నాను కదేటి."

సీట్లోకొచ్చి అనుమతులు సరిచేసి, ఫోల్డర్ మొత్తం మూసేశాను. పది నిమిషాల పని. సాయంత్రం క్లయింటుకి వెళ్లిన మెయిల్లో, భద్రత విషయంలో మొదటి నుంచీ రాజీ పడలేదని ఆయనే రాసుకున్నాడు.

మీ ఆధార్ ఎక్కడెక్కడ అప్‌లోడ్ చేశారో గుర్తుందా? అక్కడా ఒక అప్పారావు ఉంటాడు. మీరు మాత్రం వాళ్ల నాన్న కారు.