పిన్ని చూసిన సముద్రపు బురద

ఈ ఉదయం ఒడిశా కొండల్లోని మునిగుడ ఆసుపత్రి వరండాలో, తీసిపారేసిన సామాన్ల మధ్య, మలేరియా పరీక్షల పాత మైక్రోస్కోపు కనబడింది. వాన తుంపర దాని మీద పడుతోంది. దాన్ని తడవని చోటికి జరిపాను.

పిన్ని ఆ ఆసుపత్రిలో నర్సు. మా నాన్న శ్రీకాకుళం తీరంలో చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. అంతకుముందే అమ్మ పోయింది. మూడేళ్ల నన్ను చంకనేసుకుని, సముద్రపు హోరు చెవిన పడని ఈ కొండల్లోకి పిన్ని వచ్చేసింది. మా ఇంట్లోకి ఎండుచేప కూడా అడుగుపెట్టేది కాదు. ఉప్పు లేనిదే కూర కుదరదు గనక దాన్నొక్కదాన్నీ క్షమించింది. అలాంటి ఇంట్లో పెరిగి నేను రసాయనశాస్త్రం చదివి, సముద్రం అడుగు బురదను పరీక్షించే పనిలో చేరాను. గదిలో కూర్చుని చేసే పనేనని పిన్నికి చెప్పాను. ఆఫీసువాళ్లు ఓడ ఎక్కమన్నప్పుడు మాత్రం ఆ సంగతి చెప్పలేకపోయాను. శిక్షణ అని అబద్ధమాడి వెళ్లాను. నెల తర్వాత చిటికెడు బురద సీసాలో తెచ్చి నిజం చెప్పేశాను. పిన్ని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం వేళకే పెట్టింది, కంచం మాత్రం కాస్త చప్పుడయ్యేలా.

నాలుగోనాడు మధ్యాహ్నం, "ఏదీ, ఆ బురదేటో సూపించు," అంది. బురదను కడిగితే మిగిలిన చిన్న సముద్రజీవుల గుల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లి ఆ మైక్రోస్కోపు కింద పెట్టాను. గసగసాల కన్నా సన్నవి, బుడగలు బుడగలుగా, తెల్లగా.

"ఇవెప్పటివే?"

"ఇరవై వేల ఏళ్ల కిందటివి పిన్నీ. అప్పుడు సముద్రం ఇప్పటికన్నా చల్లగా ఉండేది."

"నువ్వు సూసొచ్చేవా?"

"గుల్లే చెబుతుంది. నీళ్లు వెచ్చగా ఉంటే దాంట్లో మెగ్నీషియం ఎక్కువ చేరుతుంది."

పిన్ని చాలాసేపు మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు. కిటికీ అవతల కొండల మీద మబ్బు దిగి, ఆ గదంతా నీళ్ల అడుగున ఉన్నట్టనిపించింది.

"మీ నాన్న పోయిన యేడు ఎక్కడుంటాదమ్మీ?"

"సముద్రం అడుగున, పైపొరలో. ఒక ఏడాదిలో పేరుకునే బురద వెంట్రుకంత మందం కూడా ఉండదు."

"అంతేనా!" అని నవ్వబోయి ఏడ్చేసింది. "ఓడెక్కి నువ్వూ తిరిగి రాకపోయుంటే, ఏ నీళ్లలో ఉన్నావో నాకెవులు సెప్తారే?"

తర్వాతి ఓడ ప్రయాణానికి నన్ను రైల్లో సాగనంపడానికి వచ్చింది. దారిలో రాయగడ స్టేషన్లో దిగిపోతానన్న మనిషి దిగలేదు. విశాఖ దాకా వచ్చి, ఇసుకలో చెప్పులు విడిచి, అల పాదాల్ని తాకేదాకా నడిచింది.

వేల ఏళ్లను గుల్లల్లో చదవడం నేర్చుకున్నాను గానీ, పిన్ని ఆ నాలుగడుగులు వేయడానికి పట్టిన కాలాన్ని కొలవడం నాకింకా చేతకాలేదు.