బతికే ఉన్న ఇంజనీరు

చిన్నప్పుడు కంకిపాడులో అన్నయ్యా నేనూ టీవీలో ఒక అంతరిక్ష సీరియల్ చూసేవాళ్ళం. చివరి భాగంలో తోటివాళ్ళను కాపాడబోయి ఓడ ఇంజనీరు చనిపోయాడు. “చచ్చిపోలేదే, ఎక్కడో ఉండే ఉంటాడు” అని నన్ను ఓదార్చబోయి అన్నయ్యే ఏడ్చాడు. ఆ పూట అన్నం కూడా తినలేదు.

ఇప్పుడు నేను విజయవాడలో ఉద్యోగం చేస్తూ ఒక్కదాన్నే గదిలో ఉంటున్నాను. ఈ మధ్య పాత పుస్తకాల షాపులో ఆ సీరియల్ పాత్రలతోనే రాసిన ఇంగ్లీషు నవల దొరికింది. సీరియల్ ఆగిన చోట కథ మొదలవుతుంది. ఆదివారం మధ్యాహ్నం చదువుతుంటే, సగం దాటాక, ఏదో మారుమూల గ్రహం మీద ఆ ఇంజనీరు కనిపించాడు. ముసలివాడయ్యాడు, కుంటుతున్నాడు, కానీ బతికే ఉన్నాడు. వెంటనే ఎరువుల షాపులో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేశాను.

“అన్నయ్యా, నువ్వు చెప్పిందే నిజం. ఇంజనీరు చనిపోలేదు!”

“ఏ ఇంజనీరే? కరెంటాఫీసు ఆయనా?”

“కాదు, మనం చూసిన సీరియల్లో.”

“ఓ, అదా!” అని నవ్వాడు. “ఇంకా అవే చదువుతున్నావా? షాపులో జనం ఉన్నారమ్మా, సాయంత్రం చేస్తా.”

అన్నట్టే చేశాడు. వదిన మోకాలి నొప్పి గురించీ, ఇంకా రాని ఎరువుల లారీ గురించీ చెప్పాడు. ఇంజనీరు ఎలా బతికాడో అడుగుతాడేమోనని చివరిదాకా ఎదురుచూశాను. “సరే, ఉంటానమ్మా” అన్నాడు.

అన్నయ్య తప్పేమీ లేదు. నవల మళ్ళీ తెరిచాను గానీ, చాలాసేపు ఒక్క పేజీ కూడా తిప్పలేకపోయాను.