పెద్దమ్మ గెంటేస్తే

మా పెద్దమ్మకు మనుషుల్ని గెంటెయ్యడమంటే మహా ఇష్టం. ఇంట్లోంచి కాదు, ఇంటికొచ్చినవాళ్ళని టీ తాగందే గుమ్మం దాటనివ్వదు. ఆవిడ గెంటేది ఆన్‌లైన్ కుట్టుపని గ్రూపులోంచి. దానికి ఆవిడా నేనూ మోడరేటర్లం. అంటే జీతం ఉండదు, తిట్లు మాత్రం ఠంచనుగా అందుతాయి.

ఎవరినైనా బ్యాన్ చెయ్యాలంటే నేను పదిసార్లు ఆలోచిస్తాను. పెద్దమ్మకు ఆ బాధ లేదు. కత్తెర పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, "పో నాయనా, కాస్త గాలి పీల్చుకో" అంటూ నొక్కేస్తుంది. ఆవిడ కుట్టిన కాలరు వంకరగా ఉందని గ్రూపులో రాసిన పాపానికి పెదనాన్ననీ గెంటేసింది.

"ఒకే ఇంట్లో ఉంటూ ఊరందరికీ చెప్పడమేమిటి? వంటింట్లోకొచ్చి చెప్పొచ్చుగా!" అని ఆవిడ వాదన. ఆయన సోఫాలోంచే నాకు అప్పీలు పంపాడు.

మొన్న ఒక బస్సు డ్రైవరు గ్రూపులో ఫోటో పెట్టాడు. మర్నాడే వాళ్ళమ్మాయికి స్కూల్లో నాటకం, గౌను తనే కుడుతున్నాడు. తీరా చూస్తే రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు! గ్రూపులో కొందరు విరగబడి నవ్వారు. "పాపకి కుడి చెయ్యి అక్కర్లేదా అన్నా?" అని అడిగాడొకడు. డ్రైవరు "మీ నోళ్ళు కుట్టేస్తా!" అని మొదలుపెట్టి, ఆపైన ఇక్కడ రాయకూడనివి రాశాడు. పెద్దమ్మ గెంటేసింది.

నాకు ఒళ్ళు మండింది. నవ్వినవాళ్ళు లోపలా, ఏడ్చినవాడు బయటా? చరచరా ఆవిడ ఇంటికి వెళ్ళాను.

పెద్దమ్మ ఫోన్‌ని కుట్టుమిషనుకు ఆనించి మాట్లాడుతోంది. తెరమీద డ్రైవరు, ఇంకా యూనిఫాంలోనే ఉన్నాడు.

"గుడ్డ రెండువైపులా ఒకేలా ఉందా?"

"ఉందమ్మా."

"మరింకేం! ఒక చెయ్యి తిరగెయ్యి నాయనా. అదే కుడిదవుతుంది."

అతను ఒక చెయ్యి తిరగేసి గౌనుకి ఆనించి చూశాడు. తర్వాత "అయ్యబాబోయ్, అయిందమ్మా!" అని కేక.

"ఇతన్ని గెంటేశావు కదా?" అన్నాను.

"గెంటకపోతే వాళ్ళకి జవాబులిస్తూ కూచునేవాడు. గౌనెవరు కుడతారు, నువ్వా?"

"మరి నవ్వినవాళ్ళు?"

"నువ్వొచ్చేలోపు వాళ్ళనీ గెంటేశా. వాళ్ళకింకా ఫోన్ చెయ్యాలి. ఆ కుడి చెయ్యి అడిగినోడి కుట్టు ఇంతకన్నా దరిద్రం!"

గెంటేసిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఫోన్ చేస్తుందట. ఇన్నాళ్ళూ నాకు తెలియదు. మర్నాడు గౌను వేసుకుని, రెండు చేతులూ చాచి నిలబడ్డ పాప ఫోటో పెద్దమ్మ ఫోన్‌కి వచ్చింది. చూసి నాకు కడుపు నిండిపోయింది.

సంగతి ఎలాగో పొక్కింది. ఇప్పుడు గ్రూపులో ఒకటే మొర: "పెద్దమ్మా, జేబు కుదరడం లేదు. కాస్త నన్ను గెంటెయ్యరూ?"

గ్రూపులో మళ్ళీ చేర్చనా అని పెదనాన్నని అడిగాను. ఆయన గాభరాగా తలుపు దగ్గరికి వేశాడు.

"వద్దురా బాబూ! రోజూ వంటింట్లోంచి ఫోన్ చేస్తోంది. ఫోన్లో అయితే ఎంత మెత్తగా మాట్లాడుతుందో!"