ప్రశ్నకు ముందే వచ్చిన జవాబులు

ఆ రోజుల్లో దెయ్యాల మీద నాకున్నంత కోపం రాయగడలో మరెవరికీ ఉండేది కాదు. "లేవంటావు గదా, మరి లేనివాటి మీద అంత కోపమేటిరా బామ్మర్దీ?" అని మా బావ అడిగేవాడు. దానికి నా దగ్గర ఇరవై నిమిషాల జవాబు ఉండేది. ఆయన దాన్ని ఎన్నడూ చివరిదాకా వినలేదు. (చివరిదాకా విన్నవాళ్లు మరెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.) నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. రెండువేల ఏడు ప్రాంతం. పగలు ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాణ్ణి, సాయంత్రం పఠనమందిరంలో వాదించేవాణ్ణి. ముహూర్తం, దిష్టి, శకునం, ఏది దొరికితే దాన్ని చీల్చి చెండాడేవాణ్ణి. ఎదుటివాడు తొందరగా ఒప్పేసుకుంటే మాత్రం ప్రాణం ఉసూరుమనేది. నా దగ్గర ఇంకా మూడు వాదనలు మిగిలిపోయేవి. వాదనకు లొంగని జనం పాటకు లొంగుతారని ఎవరో అంటే విని, ఒక బృందం పెట్టాను. పేరు ‘ఎందుకు దళం’. మా పాటల్లో ప్రతి చరణమూ ప్రశ్నగానే ఉండాలి, ప్రతి జవాబూ మూఢనమ్మకం నెత్తిన దెబ్బలా పడాలి. అదీ నియమం.

దళంలో ముగ్గురమే. తంబురా పట్టుకుని ప్రశ్నలడిగే నేను రాయగడలో. గుమ్మెట వాయించే బావ, అంటే మా అప్ప మొగుడు, కోరాపుట్‌లో. అక్కడ మునిసిపాలిటీ నీళ్ల విభాగంలో పని. తాళాలు వేస్తూ జవాబులు చెప్పే మా పిన్ని కూతురు బిస్సమ్ కటక్‌లో. ఇంటిల్లిపాదీ దాన్ని ‘అమ్మి’ అనే పిలిచేవాళ్లం. బావకు సెలవు దొరకదు. అమ్మిని మా అమ్మమ్మ ఊరు దాటనివ్వదు.

అసలు నేను పాట రాసిందే అమ్మమ్మ కోసం. అమ్మికి కోరాపుట్‌లో నర్సింగు శిక్షణలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలి. రెండు నెలల్లో చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈలోగా అమ్మమ్మ వెళ్లి అంజనం వేసే ఒకాయనను అడిగింది. ఆయన తమలపాకుకు కాటుక రాసి, అందులోకి తదేకంగా చూసి, ఇరవై మూడేళ్లు నిండేదాకా ఈ పిల్ల పరాయి ఊళ్లో నిద్ర చేస్తే గండం అన్నాడు. అమ్మికి అప్పటికి పందొమ్మిది. పిన్నీ బాబాయీ అమ్మమ్మ మాట జవదాటరు. నేను మూడుసార్లు బిస్సమ్ కటక్ వెళ్లి అమ్మమ్మతో వాదించాను. మూడుసార్లూ గెలిచాను. మూడుసార్లూ ఆవిడ ఆఖర్న, "నువ్వు సెప్పిందంతా నిజిమే నాయినా. పిల్లని మాత్రం పంపను" అంది.

కనుక పాటే గతి. ఆరు వారాల తర్వాత బిస్సమ్ కటక్ సంతరోజున, సంత షెడ్డులోనే, అమ్మమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి పాడాలని నిర్ణయించాను. సాధన ఇంటర్నెట్‌లో. నేను మా శిక్షణ కేంద్రంలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఒళ్లో తంబురాతో. బావ కోరాపుట్‌లో ఒక నెట్ సెంటర్ గదిలో, మోకాలు పట్టని చోట గుమ్మెటతో. అమ్మి బిస్సమ్ కటక్‌లో నెట్ కూడా ఉన్న ఒక జిరాక్సు షాపులో. (పాటలో తన వంతు వచ్చి ‘పిల్లి! పిల్లి!’ అని అమ్మి అరిచినప్పుడల్లా జిరాక్సుకొచ్చినవాళ్లు కాళ్లు పైకెత్తేవారట.)

పాట ఇలా సాగాలి. "సూర్యుణ్ణి మింగిందెవరు?" అని నేను అడిగితే "నీడ! నీడ!" అని అమ్మి. "జ్వరం తెచ్చిందెవరు?" "దోమ! దోమ!" "మిద్దె మీద నడిచిందెవరు?" "పిల్లి! పిల్లి!" "పాలు విరగ్గొట్టిందెవరు?" "ఎండ! ఎండ!" ఆఖర్న గొంతెత్తి, "ఈ భయమంతా పోగొట్టేదెవరు?" "మనమే! మనమే!" ఆ వెంటనే బావ గుమ్మెట మీద ముక్తాయింపు.

మొదటిరోజు సూర్యుణ్ణి మింగిందెవరని అడిగాను. జవాబు లేదు. మరిచిపోయిందేమోలే అనుకుని జ్వరం తెచ్చిందెవరని అడిగాను. అప్పుడు హెడ్‌ఫోన్‌లో, "నీడ! నీడ!" అని వినిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. జ్వరానికి కారణం ఏదో నీడ సోకడమేనని చెప్పడానికి ఊళ్లో కావలసినంతమంది ఉన్నారు, దానికి ప్రత్యేకంగా దళం ఎందుకు? మిద్దె మీద నడిచింది దోమ అయింది. పాలు విరగ్గొట్టింది పిల్లి అన్నప్పుడు మాత్రం కాస్త నమ్మేలా ఉంది.

"అమ్మీ, కాస్త ఆలోచించి పాడు!"

"నాను సరిగ్గానే సెప్తన్నాను అన్నియ్యా! నువ్వే ముందికి పరిగెడతన్నావు!"

ఇద్దరం దెబ్బలాడుకుని, సర్దుకుని, మళ్లీ మొదలుపెట్టబోతుంటే బావ గొంతు వచ్చింది. "ఒరే, ముందు మీ ఇద్దరూ దెబ్బలాట ఆపండి!" అప్పటికి అర్థమైంది, మాటలు దారిలో ఆలస్యమవుతున్నాయని. పోనీ ఒకరి కోసం ఒకరం ఆగుదామంటే, అమ్మి జవాబు కోసం నేను, నా ప్రశ్న కోసం బావ, బావ దెబ్బ కోసం అమ్మి ఆగి, పాట నడక తగ్గి తగ్గి ఎవరినో సాగనంపుతున్నట్టు తయారైంది.

నేను ఊరుకుంటానా? గోడ గడియారం చూసి కొలిచాను. నా ప్రశ్న బయల్దేరి, అమ్మి జవాబు తిరిగి నన్ను చేరేసరికి నాలుగు సెకన్లు. అంటే సరిగ్గా ఒక ప్రశ్న పాడేంత సేపు. నల్లబల్ల మీద మూడు ఊళ్లూ గీసి, బాణాలు వేసి, పరిష్కారం కనిపెట్టాను. ఒకటో ప్రశ్న చెవిన పడగానే అమ్మి రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలి. మొదటి జవాబేమో నేను "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టగానే చెప్పెయ్యాలి. బావ ముక్తాయింపు కూడా ఒక ప్రశ్న ముందుగా. రెండు వారాలు తిరిగేసరికి నా చెవిలో పాట ముత్యాలు గుచ్చినట్టు వచ్చింది.

నా చెవిలో మాత్రమే. "నీకు బాగానే ఇనబడతందేమోగానీ, నా కాడికొచ్చేసరికి సంతగోలరా" అని బావ మొత్తుకున్నాడు. "మీకు వినబడేది ముఖ్యం కాదు బావా, లెక్క ప్రకారం సరిగ్గా ఉంది, నన్ను నమ్మండి" అన్నాను. కనబడనిదాన్ని నమ్మొద్దని ఊరూరా చెప్పే మనిషిని, వినబడనిదాన్ని నమ్మమని వాళ్లను నెల రోజులు కూర్చోబెట్టాను. అందులో తేడా ఏమిటో అప్పుడు నాకు తట్టలేదు.

సంతరోజు నేను ఉదయం రైల్లో దిగాను. అమ్మి తాళాలు పట్టుకుని ఎదురొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. చేరడానికి ఇంక వారమే గడువు. "అన్నియ్యా, బావొచ్చేక ఓపాలి కలిసి పాడీసుకుందామా?" అంది. "ఆరు వారాలు పాడాం గదమ్మీ, ఇంకా చూసుకోడానికేముంది?" అన్నాను. బావ బస్సు ఎలాగూ ఆలస్యమైంది. ఆయన గుమ్మెటతో దిగేసరికి షెడ్డు నిండిపోయింది. ముందు వరసలో అమ్మమ్మ, సంత సంచీ ఒళ్లో పెట్టుకుని, మనవణ్ణి క్షమించడానికి వచ్చినట్టు కూర్చుంది.

"ఒకటి, రెండు, మూడు" అన్నాను.

"నీడ! నీడ!" అంది అమ్మి.

నాకేమీ అర్థం కాలేదు. నేనింకా అడగనే లేదు. తత్తరపడుతూ "సూర్యుణ్ణి మింగిందెవరు?" అన్నాను. "దోమ! దోమ!" జ్వరం సంగతి అడిగాను. "పిల్లి! పిల్లి!" కళ్లతో సైగ చేశాను, తల అడ్డంగా ఊపాను. పాపం దానికీ చెమటలు పడుతున్నాయి. కానీ ఆరు వారాలు అలవాటైన నాలుక, మధ్యలో నెట్ ఆలస్యం లేకపోయినా, ప్రశ్న చెవిన పడటంతోనే తరవాతి జవాబు విసిరేస్తోంది. పాల దగ్గరికొచ్చేసరికి "మనమే! మనమే!" అనేసింది. బావ ముక్తాయింపు కూడా మోగించి చేతులు కట్టుకున్నాడు. అప్పుడు నేనొక్కణ్ణే చెయ్యెత్తి, "ఈ భయమంతా పోగొట్టేదెవరు?" అని అడిగాను. ఎవరి దగ్గరా జవాబు మిగల్లేదు. సంతలో ఒక మేక మాత్రం ఏదో అంది.

జనం నవ్వుతారని తల దించుకున్నాను. నవ్వలేదు. ఎవరో కూరగాయలమ్మే ఆవిడ పక్కావిడతో ఒడియాలో, "ఝియకు ఆగరు జణా" అంది. అమ్మాయికి ముందే తెలుసట! "నిజిమేనే, పిల్లి అని సెప్పీసింది, ఆ తరవాత గదా ఆ బాబు మిద్దె మీద ఎవులని అడిగేడు" అని ఇంకొకావిడ. "పాలు సంగతి ఎత్తకముందే ఎండ అనీసింది!" గుసగుస షెడ్డంతా పాకింది. అమ్మమ్మ సంచీ పక్కన పెట్టి లేచింది.

"ఆ అంజనం ఆయిన ఆకు తేవాల, కాటుక రాయాల, గంట సూడాల. అప్పుడు గానీ సెప్పలేడు. మా అమ్మి ఏటీ సూడకండానే సెప్పీసింది" అని అందరికీ వినబడేలా అంది. వాదనగా చూస్తే అందులో వంక పెట్టడానికి లేదు, పునాది తప్ప. తరవాత అమ్మి గడ్డం పట్టుకుంది. "అమ్మీ, నువ్వే సెప్పు. కోరాపుట్ ఎల్తే నీకేటవుద్ది?"

నేను ముందుకు దూకాను. "అమ్మమ్మా, అది దివ్యదృష్టి కాదు! ఇంటర్నెట్‌లో నాలుగు సెకన్ల..." బావ గుమ్మెట మీద ఫెడేలుమని ఒక్కటి కొట్టాడు. ఆ రోజు మా దళం మొత్తంలో సమయానికి పడ్డ దెబ్బ అదొక్కటే. నా మాట అందులో కలిసిపోయింది. మళ్లీ నోరు తెరిచాను. అమ్మి నావైపు చూసింది. బతిమాలలేదు, కన్ను కొట్టలేదు, ఊరికే చూసింది. జీవితంలో మొదటిసారి నేను వాదన మధ్యలో నోరు మూసుకున్నాను.

"ఏటీ అవదు అమ్మమ్మా" అంది అమ్మి, నెమ్మదిగా. "సదువుకుంటాను. సూదిమందులిస్తాను. సెలవులకొచ్చి నీ కాళ్లు పడతాను."

ఒక్క అబద్ధం లేదు అందులో. అన్నీ అది చేయదలచుకున్నవే. అమ్మమ్మ కళ్లు తుడుచుకుని, "అదీ మాట" అంది. మాది విజయమో పరాజయమో అర్థంకాక నేను తంబురా పట్టుకుని అలాగే నిలబడ్డాను. జోస్యాలకు వ్యతిరేకంగా ఆ తరవాత నేను రాసిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. ఈ సంగతి వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు.

వారం తిరక్కుండా అమ్మి ట్రంకుపెట్టెను కోరాపుట్ బస్సు మీదికి ఎక్కించింది నేనే. బస్సు కదిలి మలుపు తిరిగాక అమ్మమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "నీ గురించి కూడా అమ్మిని అడిగేనురా, మా వోడు ఎప్పుడు బాగుపడతాడే అని."

"ఏమంది?"

"ఎంతసేపు సూసినా ఏటీ కనబడనేదంట."

ఎన్నో జోస్యాలను ఆధారాలతో సహా ఖండించినవాణ్ణి. ఇన్నేళ్లయినా, ఆ ఒక్కదాన్ని ఖండించడానికి మాత్రం నాకు ఆధారం దొరకలేదు.