పక్క తీగ కబుర్లు

మీటర్ల కర్మాగారంలో పరీక్షల బల్ల దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ తీగక్క అనే పిలుస్తారు. చదివింది పదో తరగతే. చేతిలో పడ్డ మీటరు నిజం చెబుతోందో, బుకాయిస్తోందో ఇట్టే పట్టేస్తుంది.

ఆ ఏడు కర్మాగారం వాళ్లు తీగలో పారే కరెంటును కొలిచే బొటనవేలంత మీటరు చేశారు. తీగను తెంపక్కర్లేదు, మీటరు గాడిలో దూరిస్తే చాలు. కరెంటు పారే తీగ చుట్టూ పుట్టే అయస్కాంత శక్తిని లోపలి సెన్సరు పసిగట్టి అంకె చూపిస్తుంది. బల్ల మీద బుద్ధిగానే ఉన్న ఆ మీటరు బయటికెళ్లి పరువు తీసింది.

తీగక్క తమ్ముడు ఎలక్ట్రీషియను. ఒక ఆదివారం వచ్చి ఆ మీటరును ఆమె ముందు పెట్టాడు.

"ఏంటక్కా ఇది! ఒక తీగ సంగతి అడిగితే పక్క తీగ కబుర్లు కూడా చెప్తోంది. మా మేస్త్రీ నన్ను చూసి ఒకటే నవ్వు."

మర్నాడు ఆ మాట చెబితే, దాన్ని రూపొందించిన ఇంజనీరమ్మ కొట్టిపారేసింది. "ఆ ఎలక్ట్రీషియన్లకి దాన్ని పట్టుకోవడం రాదులే అక్కా."

తీగక్కకు మనసొప్పలేదు. భోజనాల వేళ అందరూ వెళ్లాక రెండు తీగలు పక్కపక్కన బిగించి, బ్యాటరీ తగిలించింది. గాడిలో ఒక గోడకే సెన్సరుంటే, అవతలి గోడకు ఇంకొకటి అతికించింది. గాడిలోని తీగకు కరెంటిస్తే ఒక సెన్సరు ప్లస్ చూపింది, రెండోది మైనస్. పక్క తీగకిస్తే రెండూ ప్లస్సే, అంకె కూడా ఇంచుమించు ఒకటే. వెళ్లి ఇంజనీరమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఒకదాని అంకెలోంచి ఇంకోదాని అంకె తీసెయ్యమ్మాయ్! మన తీగది రెట్టింపవుతుంది, పక్కదాని గొడవ వదులుతుంది."

"ఇది నేను చదువుకున్నదే అక్కా. ఇంత చిన్నదాంట్లో రెండు పట్టవని వదిలేశాను."

"పట్టాయిగా, చూడు."

ఇంజనీరమ్మ వంగి చూసింది. ముఖం ఎర్రబడింది. "ఊరికే వాళ్లను తప్పుపట్టాను," అంటూ తన కుర్చీ లాగి తీగక్కను కూర్చోబెట్టింది.

అంతటితో అయిపోలేదు. వేడెక్కితే రెండు సెన్సర్ల అంకెలూ చెరో దారి పట్టేవి. తీగక్క వందల సెన్సర్లను వేడిచేసి చూసి, ఒకే తీరుగా మారేవాటిని ఏరి జతలు కట్టింది.

"పెళ్లిళ్ల పేరయ్య పని పెట్టుకున్నావేంటక్కా?" అని ఇంజనీరమ్మ నవ్వింది.

"జత కుదరకపోతే కాపురం సాగుతుందా!"

మూడు నెలలకు, నూటికి ఇరవై తప్పు చెప్పే మీటరు రెండుకు దిగింది. పక్క తీగ మరీ ఆనుకుంటే మాత్రం ఇంకా తడబడుతోంది. డిజైను గదిలో తీగక్కకూ ఒక బల్ల వేశారు. మొదటి పూట ఆమె కుర్చీ అంచునే బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఇంజనీరమ్మ కాగితం పరిచి అడిగింది.

"గాడి కాస్త వెడల్పు చేద్దామా?"

"వద్దమ్మా. సెన్సర్లనే తీగ దగ్గరికి జరుపుదాం, మన తీగ మాటే గట్టిగా వినబడుతుంది," అంటూ తీగక్క పెన్సిలు అందుకుంది.