తుడువాల్నా అమ్మా?

వనపర్తిలో మా వంటింటి అలమరకు రంగు వేసిన పెయింటరును తలచుకుంటే, అతని భుజం మీది పాత బనియన్ గుడ్డ, నోట్లోని ఒకే మాట గుర్తొస్తాయి: "తుడువాల్నా అమ్మా?"

ఆ అలమర కొల్లాపూర్‌లోని మా అత్తగారిది. ఆమె పోయాక మేం తెచ్చుకున్నాం. తలుపులకు లేత పసుపు రంగు పడగానే నా భార్య ముఖం చిన్నబోయింది. "మా అమ్మ చెయ్యి పడి నల్లబడ్డ జాగ గూడ పోయె" అంది.

అతను ఆ మాట విన్నాడు. మర్నాడు గోధుమరంగు గ్లేజు తెచ్చాడు. దాన్ని తలుపంతా పూసి తుడిచేస్తే, అంచుల్లోనూ చెక్కిన పువ్వుల్లోనూ కాస్త నిలిచి, తలుపు పాతదిలా కనిపిస్తుంది. ప్రతిసారీ ఆమెను అడిగాకే తుడిచేవాడు.

"కొత్త రంగుకు గీ మడ్డి పూసుడేంది, అన్నా?" అని ఆమె నవ్వింది.

"మీ అమ్మ చెయ్యి ఏడ పడుతుండెనో జర చూపియ్యుండ్రి."

ఆమె పిడి పక్కన చూపించింది. అతను అక్కడ గ్లేజు ముదురుగా అద్దబోయాడు.

"ఇంకింత కిందికి, అన్నా. మా అమ్మ పొట్టిది."

అతను వంగి, ఆమె చెప్పిన చోట అరచేయంత మేర అద్దాడు. ఈసారి ఏమీ అడగలేదు. గుడ్డ భుజాన వేసుకొని పక్కకు జరిగాడు.